పాత గ్రౌండ్‌కే మెరుగులా, కొత్త స్టేడియమా? ఫుట్‌బాల్ క్లబ్బులకు ఏ దారి కలిసొచ్చింది

2024-25 ప్రీమియర్ లీగ్ పట్టికను ఒకసారి స్టేడియాల సైజు పక్కన పెట్టుకుని చదవండి. ఇంగ్లండ్‌లో ఆ లీగ్ క్లబ్బులు ఆడే గ్రౌండ్లలో పెద్దవి మూడు. మాంచెస్టర్ యునైటెడ్ ఓల్డ్ ట్రాఫర్డ్‌లో 74 వేల సీట్లు, టాటెన్‌హామ్ కొత్త స్టేడియంలో 62,850, వెస్ట్ హామ్ ఆడే లండన్ స్టేడియంలో 62,500. ఆ ఏడాది ఆ మూడు జట్లూ వరసగా 15, 17, 14 స్థానాల్లో నిలిచాయి. 11 వేల పైచిలుకు మంది మాత్రమే పట్టే గ్రౌండ్‌లో ఆడే బోర్న్‌మత్ 9వ స్థానంలో, 17 వేల సీట్ల బ్రెంట్‌ఫర్డ్ 10వ స్థానంలో వాళ్ళకంటే పైనే ఉన్నాయి.

అలాగని స్టేడియానికీ గెలుపుకూ సంబంధమే లేదనుకుంటే అదీ తప్పే. అదే ఏడాది టైటిల్ గెలిచిన లివర్‌పూల్, రెండో స్థానంలో వచ్చిన ఆర్సెనల్, సైజులో సరిగ్గా ఆ తర్వాతి రెండు గ్రౌండ్లకు యజమానులు. రెండూ 60 వేలు దాటినవే. కాబట్టి ఎన్ని సీట్లు అన్నదాని కంటే ఆ సీట్లు ఏ దారిలో వచ్చాయి, ఎవరి డబ్బుతో వచ్చాయి అన్నదే అసలు విషయం. మీరు అభిమానించే క్లబ్ స్టేడియం మారుస్తానంటే సంతోషపడాలా, టెన్షన్ పడాలా అని తేల్చుకోవడానికి ఈ పోలిక పనికొస్తుంది. క్లబ్బుల ముందు ఉండే దారులు ముఖ్యంగా మూడు: ఉన్న గ్రౌండ్‌నే ఒక్కో స్టాండ్ చొప్పున పెంచుకోవడం, పూర్తిగా కొత్తది కట్టుకోవడం, ప్రభుత్వ స్టేడియంలో అద్దెకు చేరడం. నా ఓటు చాలా సందర్భాల్లో మొదటిదానికే. ఎందుకో చెప్తాను.

ముందు లెక్క

సీటు నుంచి గోల్ దాకా డబ్బు ఎలా వెళ్తుందో తెలిస్తే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. లీగ్‌లో ఒక జట్టు స్థానాన్ని దీర్ఘకాలంలో ఎక్కువగా నిర్ణయించేది ఆటగాళ్ళ జీతాల మొత్తం. యూరప్ పోటీల్లో ఆడే క్లబ్ తన ఆదాయంలో 70 శాతానికి మించి జట్టు మీద, అంటే జీతాలు, ట్రాన్స్‌ఫర్లు (ఆటగాళ్ళ కొనుగోళ్ళు), ఏజెంట్ల మీద ఖర్చు పెట్టకూడదని యూరప్ ఫుట్‌బాల్ సంస్థ యూఈఎఫ్ఏ నిబంధన. అంటే ఆదాయం పెరిగితేనే జీతాలు పెరుగుతాయి. టీవీ డబ్బు మీద క్లబ్బుకు పెద్దగా అధికారం ఉండదు. తన చేతిలో ఉన్నది గ్రౌండే. అందుకే అందరి చూపూ దానిమీద.

ఉదాహరణకు కొత్త స్టేడియం వల్ల ఏడాదికి 5 కోట్ల పౌండ్ల ఆదాయం అదనంగా వచ్చిందనుకుందాం. నిబంధన ప్రకారం అందులో మూడున్నర కోట్లు జట్టు మీద పెట్టవచ్చు. కానీ ఆ స్టేడియం కోసం 100 కోట్లు 5 శాతం వడ్డీకి తెచ్చి ఉంటే ఆ 5 కోట్లూ వడ్డీకే సరిపోతాయి. అసలు అలాగే ఉంటుంది. కాగితం మీద ఆదాయం పెరిగినా కొత్త స్ట్రైకర్‌ను కొనడానికి చేతిలో పైసా ఉండదు. ఇది నేను వేసిన లెక్కే, ఏ ఒక్క క్లబ్‌దీ కాదు. అయినా చాలా క్లబ్బుల కథ ఇంతే.

ఇంకో సంగతి. ఇన్నాళ్ళూ ప్రీమియర్ లీగ్ లాభనష్టాల నిబంధనల్లో స్టేడియం, అకాడమీ, ట్రైనింగ్ గ్రౌండ్ మీద పెట్టే ఖర్చును నష్టాల కింద లెక్కించలేదు. డబ్బున్న యజమాని జట్టు మీద కుమ్మరించడానికి వీల్లేకపోయినా గ్రౌండ్ మీద ఎంతైనా పెట్టుకోవచ్చు. కాబట్టి యజమాని సొంత డబ్బు పెడుతున్నాడా, క్లబ్ పేరు మీద అప్పు తెస్తున్నాడా అన్నది మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న.

ఒక్కో స్టాండ్ చొప్పున: యాన్‌ఫీల్డ్ పద్ధతి

ఉన్నదాన్ని పెంచుకోవడం, కొత్తది కట్టడం అనే రెండు దారుల్నీ ఒకే క్లబ్ ఎదురెదురుగా పెట్టుకుని చూసిన సందర్భం లివర్‌పూల్‌ది. 2007లో క్లబ్‌ను కొన్న అమెరికన్లు హిక్స్, జిలెట్ పక్కనే ఉన్న స్టాన్లీ పార్క్‌లో కొత్త స్టేడియం కడతామన్నారు. బొమ్మలు వచ్చాయి, పునాది మాత్రం పడలేదు. కొన్న అప్పే క్లబ్ మెడకు చుట్టుకుంది. 2010లో క్లబ్ చేతులు మారింది. కొత్త యజమానులు 2012లో స్టాన్లీ పార్క్ ఆలోచన పక్కన పెట్టి పాత గ్రౌండ్ యాన్‌ఫీల్డ్‌నే పెంచుతామని చెప్పారు. అప్పట్లో చాలామంది అభిమానులకు అది చిన్న ఆలోచనగా కనిపించింది.

పని ఎలా చేశారో చూడండి. 2015-16 సీజన్ అంతా పాత మెయిన్ స్టాండ్‌లో జనం కూర్చుని మ్యాచ్‌లు చూస్తూనే ఉన్నారు. దాని వెనకాల, దానికంటే ఎంతో ఎత్తున కొత్త స్టాండ్ ఉక్కు చట్రం లేచింది. సీజన్ అయిపోగానే వేసవిలో పాతదాన్ని కూల్చి, ఆ ఖాళీలోకి కింది వరసల్ని దించారు. 2016 ఆగస్టులో మొదటి మూడు లీగ్ మ్యాచ్‌లు బయట ఆడి, సెప్టెంబర్‌లో ఇంటికి వచ్చారు. కాపురం ఉంటూనే ఇంటి మీద ఇంకో అంతస్తు వేసుకున్నట్టు అన్నమాట. దాదాపు 45 వేలున్న సామర్థ్యం 54 వేలకు చేరింది. తర్వాత యాన్‌ఫీల్డ్ రోడ్ వైపు స్టాండ్‌కు ఇంకో 7 వేల సీట్లు కలిపారు. 2023లో ఆ పని మధ్యలో కాంట్రాక్టు కంపెనీ దివాలా తీసింది. పై వరసలు నెలల తరబడి ఖాళీగా ఉండిపోయాయి. అయినా జట్టు ఆటకు ఏ ఇబ్బందీ రాలేదు, ఎందుకంటే మిగతా మూడు వైపులా జనం ఎప్పటిలాగే ఉన్నారు. పెద్ద ప్రాజెక్టులో ఇలాంటిది జరిగితే క్లబ్ మొత్తం రోడ్డున పడేది.

ఈ మధ్యకాలంలోనే లివర్‌పూల్ 2019లో యూరప్ క్లబ్బుల అతిపెద్ద పోటీ ఛాంపియన్స్ లీగ్, 2020లోనూ 2025లోనూ లీగ్ గెలిచింది. ఇవన్నీ స్టాండ్ వల్లే వచ్చాయని నేననను. 2018 జనవరిలో కుటీన్యోను బార్సిలోనాకు అమ్మిన డబ్బు, అదే ఏడాది వచ్చిన ఆటగాళ్ళు వాన్ డైక్, అలిసన్, అన్నిటికీ మించి కోచ్ క్లోప్ ఉన్నారు. కానీ స్టాండ్ కట్టుకుంటూ కూడా ఆ కొనుగోళ్ళు చేయగలిగారన్నది గమనించాలి. కట్టడం ఆటకు అడ్డు పడలేదు. మంచి స్టేడియం పని నుంచి ముందుగా ఆశించాల్సింది ఇదే.

ఈ పద్ధతిలో మచ్చ లేకపోలేదు. యాన్‌ఫీల్డ్ చుట్టుపక్కల వీధుల్లో ఇళ్ళు ఏళ్ళ తరబడి కొనిపెట్టి, తలుపులకు రేకులు కొట్టి ఖాళీగా వదిలేశారు. వీధులు పాడుబడ్డాయి. మిగిలిన కుటుంబాలు చాలా బాధపడ్డాయి. గ్రౌండ్ పెరగాలంటే చోటు కావాలి. ఆ చోటు ఎవరిదో ఒకరిది. మీ క్లబ్ ఈ దారి ఎంచుకుంటే పొరుగువాళ్ళతో ఎలా వ్యవహరిస్తోందో కూడా చూడండి.

కొత్తది కట్టక తప్పనప్పుడు

కొన్ని గ్రౌండ్లు పెరగవు. ఆర్సెనల్ పాత ఇల్లు హైబరీ చుట్టూ ఇళ్ళే, పైగా ఒక స్టాండ్ వారసత్వ కట్టడంగా నమోదైంది, ముట్టుకోవడానికి లేదు. సామర్థ్యం 38 వేల దగ్గర ఆగిపోయింది. 1998, 1999ల్లో ఛాంపియన్స్ లీగ్ మ్యాచ్‌లను ఇంగ్లండ్ జాతీయ స్టేడియం వెంబ్లీకి తీసుకెళ్ళి చూశారు. 70 వేల మంది వచ్చారు, డబ్బు వచ్చింది, జట్టు మాత్రం రెండేళ్ళూ గ్రూప్ దశలోనే ఇంటిముఖం పట్టింది. ఇల్లు కాని చోట ఆడటమంటే ఏమిటో అక్కడ తెలిసొచ్చింది.

చివరికి 2006లో, పాత గ్రౌండ్‌కు కూతవేటు దూరంలో, సుమారు 39 కోట్ల పౌండ్ల ఖర్చుతో ఎమిరేట్స్ స్టేడియం తెరిచారు. హైబరీలో ఆఖరి సీజన్‌లో మ్యాచ్ రోజుల ఆదాయం 4 కోట్ల 40 లక్షల పౌండ్లు. మొదటి ఏడాదే అది 9 కోట్లు దాటింది. కానీ గెలుపు? 2005 ఎఫ్ఏ కప్ తర్వాత 2014 ఎఫ్ఏ కప్ దాకా ఒక్క ట్రోఫీ లేదు. ముఖ్యమైన ఆటగాళ్ళు ఫాబ్రెగాస్, నస్రి, వాన్ పెర్సీ ఒకరి తర్వాత ఒకరు వెళ్ళిపోయారు. అప్పు కిస్తీలు కడుతూ, ఆటగాళ్ళను అమ్ముకుంటూ కూడా కోచ్ ఆర్సెన్ వెంగర్ ఆ ఏళ్ళన్నీ జట్టును మొదటి నాలుగు స్థానాల్లోనే నిలబెట్టాడు. ట్రోఫీ లేదని ఆయన్ని తిట్టినవాళ్ళు చాలామంది. నా దృష్టిలో ఆ తొమ్మిదేళ్ళు ఆయన చేసిన గొప్ప పని. 2022-23 నుంచి వరసగా మూడేళ్ళు జట్టు రెండో స్థానంలో నిలిచిందంటే ఆ స్టేడియం డబ్బూ అందులో ఉంది. కానీ ఫలం చేతికందడానికి దాదాపు ఒక తరం పట్టింది. కొత్త స్టేడియం కట్టే క్లబ్ అభిమానికి ఉండాల్సిన ఓపిక అంత.

టాటెన్‌హామ్ కథ ఇంకా సూటిగా ఉంటుంది. పాత వైట్ హార్ట్ లేన్ ఉన్న చోటే దాదాపు 100 కోట్ల పౌండ్లతో కట్టారు. కట్టేటప్పుడు జట్టు వెంబ్లీకి వెళ్ళింది, పని ఆలస్యమై 2019 ఏప్రిల్ దాకా అక్కడే ఉండిపోయింది. 2018 వేసవిలో, ఆ తర్వాత జనవరిలో ఒక్క ఆటగాణ్ణి కూడా కొనలేదు. ఆ జట్టే 2019 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ ఆడింది. అది పాత గ్రౌండ్‌లో తయారైన జట్టు. కొత్త స్టేడియంలో పచ్చిక ముక్కలుగా విడిపోయి పక్కకు జారుతుంది, కింద అమెరికన్ ఫుట్‌బాల్ మైదానం ఉంటుంది, కచేరీలు జరుగుతాయి. వ్యాపారంగా చూస్తే యూరప్‌లోనే గొప్ప కట్టడాల్లో ఒకటి. లీగ్‌లో మాత్రం జట్టు 17వ స్థానం దాకా జారింది. అదే ఏడాది యూరప్‌లో రెండో స్థాయి పోటీ యూరోపా లీగ్ గెలిచిందన్నది నిజమే, కానీ ఆదాయంతో పోలిస్తే ఆటగాళ్ళ జీతాలకు పెట్టే వాటా పెద్ద క్లబ్బులన్నిటిలో తక్కువగా ఉండటం ఏళ్ళ తరబడి నడిచిన వ్యవహారం. ఆదాయం వచ్చినా జట్టు దాకా చేరకపోతే ఇంతే.

కొత్త స్టేడియం ఒక క్లబ్‌ను నిలబెట్టి ఇంకో క్లబ్‌ను ముంచిన ఉదాహరణ ఒకే కప్పు కింద కావాలంటే జర్మనీలోని మ్యూనిక్ చూడాలి. 2005లో తెరిచిన అలియాంజ్ అరీనాకు అయిన ఖర్చు సుమారు 34 కోట్ల యూరోలు. బయర్న్ మ్యూనిక్, 1860 మ్యూనిక్ చెరి సగం భాగస్వాములు. తెరవడానికి ముందు ఏడాదే 1860 రెండో డివిజన్‌కు పడిపోయింది. అంత పెద్ద స్టేడియాన్ని నింపే జనం లేరు, కిస్తీ కట్టే దారీ లేదు. 2006లోనే తన సగం వాటాను కోటీ పది లక్షల యూరోలకు బయర్న్‌కు అమ్ముకుని తన స్టేడియంలోనే అద్దెకు ఉంది. 2017లో నాలుగో డివిజన్‌కు పడిపోయి పాత గ్రూన్‌వాల్డర్ గ్రౌండ్‌కు తిరిగి వెళ్ళిపోయింది. బయర్న్ మాత్రం పాతికేళ్ళ అప్పును 2014కల్లా తీర్చేసింది. స్టేడియం ఒక్కటే, పచ్చిక ఒక్కటే. అప్పటికే గెలుస్తున్న క్లబ్‌కు అది ఇంకా బలమైంది, తడబడుతున్న క్లబ్‌కు ఉరితాడైంది.

స్పెయిన్ క్లబ్ వలెన్సియా అయితే 2007లో కొత్త మెస్టాయా స్టేడియం మొదలుపెట్టి 2009లో డబ్బుల్లేక ఆపేసింది. ఊళ్ళో కాంక్రీటు అస్థిపంజరం పదిహేనేళ్ళకు పైగా అలాగే నిలబడిపోయింది. 2025 జనవరిలో గానీ పని తిరిగి మొదలు కాలేదు.

దీనికి పూర్తిగా ఎదురు దిశలో ఇటలీ క్లబ్ యువెంటస్ ఉంది. పాత డెల్లె ఆల్పి స్టేడియంలో 69 వేల సీట్లుండేవి. చుట్టూ పరుగుపందేల ట్రాక్, సగం ఖాళీ, ఆట ఎక్కడో దూరంగా. దాన్ని కూల్చి 2011లో 41 వేల సీట్లతో సొంత స్టేడియం కట్టుకున్నారు. సీట్లు తగ్గించారు, జనాన్ని పచ్చిక పక్కకు తెచ్చారు. ఆ ఏడాది మొదలుకొని వరసగా 9 సార్లు ఇటలీ ఛాంపియన్లు. మంచి కోచ్‌లు, తెలివైన కొనుగోళ్ళు కారణమన్నది ఒప్పుకోవాల్సిందే. కానీ మిగతా పెద్ద క్లబ్బులు మున్సిపాలిటీకి అద్దె కడుతుంటే, తమ టికెట్ డబ్బు తామే ఉంచుకున్న పెద్ద క్లబ్ అప్పట్లో యువెంటస్ ఒక్కటే. ఎక్కువ సీట్లు కావాలని గోల చేసే అభిమానులకు నేను మొదట చెప్పేది ఈ కథే.

అద్దె దారి

వెస్ట్ హామ్ 2016లో 2012 ఒలింపిక్స్ స్టేడియంలోకి 99 ఏళ్ళ లీజుకు వెళ్ళింది. మొదట్లో అద్దె ఏడాదికి 25 లక్షల పౌండ్లు. లండన్‌లో 60 వేల సీట్లకు అది దాదాపు ఉచితం కిందే లెక్క. కానీ స్టేడియం అథ్లెటిక్స్ కోసం కట్టినది. సీట్లకూ పచ్చికకూ మధ్య అగాధం. పాత గ్రౌండ్ అప్టన్ పార్క్‌లో కార్నర్ కొట్టే ఆటగాడి చెవిలో పడే అరుపు ఇక్కడ గాల్లో కలిసిపోతుంది. వెళ్ళే ముందు ఏడాది 7వ స్థానం, వెళ్ళిన మొదటి ఏడాది 11. మళ్ళీ 6వ స్థానం దాకా ఎక్కింది 2020-21లో. కోవిడ్ వల్ల దాదాపు అన్ని మ్యాచ్‌లూ ఖాళీ స్టేడియాల్లో ఆడిన సీజన్ అది. 2023లో యూరప్‌లో మూడో స్థాయి పోటీ కాన్ఫరెన్స్ లీగ్ గెలిచారు, అది గొప్ప రాత్రే. అయినా అభిమానుల మనసు ఇంకా పాత గ్రౌండ్‌లోనే ఉంది.

ఆ కోవిడ్ సీజన్ ఇంకో విషయం కూడా తేల్చింది. ఇంగ్లండ్ మొదటి డివిజన్ చరిత్రలో సొంత గ్రౌండ్ గెలుపుల కంటే బయటి గెలుపులు ఎక్కువైన మొదటి సీజన్ అదే. లీగ్‌లో 68 మ్యాచ్‌లుగా యాన్‌ఫీల్డ్‌లో ఓటమి ఎరగని లివర్‌పూల్, జనం లేని అదే యాన్‌ఫీల్డ్‌లో వరసగా ఆరు ఓడింది. సీట్లు కాదు, సీట్లలో మనుషులు ఆడిస్తారు.

అద్దెకున్న జట్టు గెలవదని మాత్రం కాదు. మన హైదరాబాద్ ఎఫ్‌సీ 2021-22లో ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఛాంపియన్ అయ్యింది. కోవిడ్ వల్ల మ్యాచ్‌లన్నీ గోవాలోనే జరిగాయి. గచ్చిబౌలిలో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండా కప్పు గెలిచిన జట్టది. కానీ ఆ గెలుపు క్లబ్‌ను నిలబెట్టలేదు. రెండేళ్ళు తిరక్కుండానే జీతాల సమస్యలతో పట్టిక అడుగుకు చేరింది, తర్వాత ఢిల్లీకి తరలిపోయింది. సొంత గ్రౌండ్, దానికి అలవాటుపడిన జనం, అక్కడి నుంచి వచ్చే నికరమైన ఆదాయం ఉన్న క్లబ్‌ను అంత తేలిగ్గా ఎత్తుకుపోలేరు. ఆ కప్పు చూసి పొంగిపోయిన మనందరికీ ఇది ఇప్పటికీ నొప్పే.

ఇప్పుడు యునైటెడ్ సంగతి

తెలుగునాట ఎక్కువమంది అడిగేది దీని గురించే. ఓల్డ్ ట్రాఫర్డ్ పైకప్పు కారుతుంది. 2024 మేలో ఆర్సెనల్ మ్యాచ్ తర్వాత స్టాండ్ మూల నుంచి జలపాతంలా నీళ్ళు పడటం ప్రపంచమంతా చూసింది. ఒక స్టాండ్ వెనక రైలు పట్టాలున్నాయి, అటు పెంచడం కష్టం. 2025 మార్చిలో క్లబ్ పక్క స్థలంలో లక్ష సీట్ల కొత్త స్టేడియం కడతామని చెప్పింది. అంచనా 200 కోట్ల పౌండ్లు. ఉన్నదాన్నే 87 వేలకు పెంచే దారీ అప్పుడు చర్చకు వచ్చింది.

కొత్తదాని పక్షాన ఒక బలమైన మాట ఉంది. పక్కనే కడతారు కాబట్టి అది పూర్తయ్యేదాకా జట్టు పాత ఇంట్లోనే ఆడుకోవచ్చు, టాటెన్‌హామ్‌లా వలస పోనక్కర్లేదు. కానీ 2005లో అమెరికన్ కుటుంబం గ్లేజర్లు క్లబ్‌ను కొన్నప్పుడు ఎత్తిన అప్పు భారం ఈ క్లబ్ ఇంకా మోస్తోంది. దాని మీద ఇంకో 200 కోట్లు పడితే ఆర్సెనల్ పడ్డ తొమ్మిదేళ్ళ కరువు చిన్నదిగా కనిపించవచ్చు. యజమానులు సొంత డబ్బు గణనీయంగా పెడితే నేను కొత్త స్టేడియం వైపే. మొత్తం అప్పే అయితే పైకప్పు మార్చి, ఒక్కో స్టాండ్ చొప్పున బాగుచేసుకోవడమే మంచిది. 2024-25లో 15వ స్థానానికి జారిన జట్టుకు ముందు కావాల్సింది మంచి కొనుగోళ్ళు, మంచి ట్రైనింగ్ గ్రౌండ్. తన ట్రైనింగ్ గ్రౌండ్ క్యారింగ్టన్‌ను 5 కోట్ల పౌండ్లతో బాగుచేసి 2025లో తెరిచారు, అది సరైన వరస.

గ్రౌండ్ కంటే జట్టే ముందు అనడానికి ఈ క్లబ్ చరిత్ర కూడా గుర్తుంచుకోండి. 1941లో బాంబులు పడి ఓల్డ్ ట్రాఫర్డ్ శిథిలమైంది. 1949 దాకా యునైటెడ్ పొరుగు ప్రత్యర్థి సిటీ గ్రౌండ్ మెయిన్ రోడ్‌లోనే ఆడింది. ఆ పరాయి పంచన ఉన్న రోజుల్లోనే కోచ్ మ్యాట్ బస్బీ జట్టు లీగ్‌లో వరసగా మూడేళ్ళు రెండో స్థానంలో నిలిచి, 1948 ఎఫ్ఏ కప్ గెలిచింది.

ఏ క్లబ్ అయినా ప్రకటన చేసినప్పుడు బొమ్మలు చూసి మురిసిపోకుండా నాలుగు విషయాలు అడగండి. అప్పు ఎవరి పేరు మీద? కట్టేటప్పుడు జట్టు ఎక్కడ ఆడుతుంది? జట్టు కింది డివిజన్‌కు పడిపోతే కిస్తీ ఎలా కడతారు? మామూలు అభిమాని కూర్చునే సీట్లు ఎన్ని, వాటి ధర ఎంత? నాలుగోదాన్ని చాలామంది వదిలేస్తారు. 2024 చివర్లో యునైటెడ్ సీజన్ మధ్యలోనే మిగిలిన సభ్యుల టికెట్లను పిల్లలకూ పెద్దవాళ్ళకూ తేడా లేకుండా 66 పౌండ్లు చేసింది. అభిమానులు గేటు బయట నిలబడి నిరసన తెలిపారు. మాంచెస్టర్‌లో ఉద్యోగం చేసుకునే తెలుగువాళ్ళు పిల్లాణ్ణి వెంటబెట్టుకుని మ్యాచ్‌కు వెళ్ళాలంటే అప్పుడు ఇద్దరికీ కలిపి 132 పౌండ్లయ్యేది. 200 కోట్ల స్టేడియం లేకుండానే ఆ ధర. అది వచ్చాక ఎంత ఉంటుందో క్లబ్ రాతపూర్వకంగా చెప్పాలని అభిమాన సంఘాలు ఇప్పుడే అడగాలి, ఇటుక పడ్డాక కాదు.